నెర్రెలు పూడ్చిన తోట

నెలల పేర్లు మా కోవిల్‌పట్టి వాడుకలోవి; ఏడాది ఏప్రిల్ నడుమ చిత్తిరతో మొదలై పంగునితో ముగుస్తుంది. వారాలు నా దినచర్య పుస్తకంలోవి. కేవలం జ్ఞాపకాన్ని నమ్ముకొని రాసిన పద్దు ఇందులో లేదు.

ఒకటి. చిత్తిర నెల, రెండవ మంగళవారం. పాత జమీను తోటలో తూర్పు వైపు నేల విచ్చి ఏర్పడిన నెర్రెలన్నింటినీ ఎర్ర గరుసు మట్టితో పూడ్చి, పైన రోడ్డు రోలరు నడిపించారు. ఆ తోటలో జీతం లేకుండా పనిచేస్తున్న పద్నాలుగు మందిలో ఎవరికీ ముందుగా తెలియజేయలేదు.

రెండు. అదే నెల, చివరి గురువారం. వేసవి వాన కురిసింది. మా మేడ మీది వర్షమాపకం సగానికి పైగా నిండింది. తోటలో పడిన నీరు గరుసు మీదుగా జారి, ప్రహరీ కింది తూములోంచి బస్సుల రోడ్డు మీదికి పోయింది. దానిమ్మ పాదుల్లో వేలెడు లోతు కూడా తడవలేదు.

మూడు. వైకాసి, మొదటి శనివారం. ముఖద్వారం దగ్గర కొత్తగా పరిచిన పచ్చగడ్డికి ట్యాంకరు నీళ్ళు పెట్టారు. దానిమ్మలకు కూడా పెట్టమని నోటిమాటగా అడిగాను. గడ్డికే చాలడం లేదని నోటిమాటగానే చెప్పారు.

నాలుగు. ఆడి, మూడవ మంగళవారం. మెట్లబావి నుంచి బిందెతో దానిమ్మలకు నీళ్ళు మోస్తున్న తోటమాలిని ఎవరో ఫోటో తీసి, మా వాట్సాప్ గుంపులో పెట్టారు. కింద ‘అనుమతి లేని పని’ అని రాశారు.

ఐదు. ఆవణి ముగిసేసరికి పదకొండు దానిమ్మ చెట్లలో తొమ్మిది ఎండిపోయాయి.

ఆరు. పురట్టాసి, మొదటి ఆదివారం. విరుదునగర్‌లో జరిగిన ట్రస్టు సభలో, ఆ చెట్లు చావడానికి తోటమాలి అజ్ఞానమూ, ఆమె వేళకాని వేళ నీళ్ళు పోయడమూ కారణమని తీర్మాన పుస్తకంలో రాసుకొన్నారు.

ఏడు. ఐప్పసి, రెండవ సోమవారం. ఆమెను గేటు దగ్గర ఆపి వెనక్కి పంపారు.

ఎనిమిది. కార్తిక మొదలు తై వరకు. నేను తపాలా రసీదు తీసుకొని పంపిన ఆరు ఉత్తరాలకు జవాబు లేదు.

ఈ ఎనిమిదింటిలో అబద్ధం లేదు. ఆరు ఉత్తరాల్లోనూ ఇంచుమించు ఇవే పద్దులు ఇదే వరుసలో ఉన్నాయి. అయితే మొదటి పద్దు మొదటిది కాదు. దానికి ముందు మరొకటి ఉంది. దాన్ని ఆరుసార్లూ వదిలిపెట్టింది నేనే. ఇప్పుడు దాన్ని దాని చోట పెట్టడానికి ఇదంతా రాస్తున్నాను.

నేను పుదూరు పక్క పల్లెలో, వానను నమ్ముకొన్న నల్లరేగడి రైతు ఇంట పుట్టాను. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. మా పల్లెలో ఆ రోజుల్లో ఒక తెలుగు బడి ఉండేది. ఐదు తరగతులకు ఒకే పంతులు. ఈ అక్షరాలు ఆ బడి పెట్టిన భిక్ష. ఇప్పుడు ఆ బడి లేదు. మా ఇంట్లో నా తర్వాత ఈ లిపి చదివేవారూ లేరు. అయినా నా దినచర్య పుస్తకాలు తెలుగులోనే రాస్తాను. “ఎవురూ సదవకూడదనే గదా ఆ బాసలో రాసేది” అని మా ఇంటావిడ అంటుంది. ఆ మాటను నేను చాలాకాలం పరిహాసంగానే తీసుకొన్నాను.

నా ఉద్యోగం ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రంలో వాన కొలవడం. ప్రతి ఉదయం ఎనిమిదిన్నరకు వర్షమాపకం మూత తీసి, నీటిని గాజు కొలపాత్రలో పోసి, కంటిని నీటిమట్టానికి సమంగా దించి చూసి, అంకె వేసి, పక్కన సంతకం చేసేవాడిని. వాన లేని రోజు కూడా సున్న వేసి సంతకం చేయాలి. మా ప్రాంతంలో సున్నలే ఎక్కువ. పదవీ విరమణ తర్వాత మేడ మీద సొంతంగా ఒక వర్షమాపకం పెట్టుకొన్నాను. అంకె పక్కన సంతకం చేసే అలవాటూ పోలేదు.

తోట కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ వెళ్ళే బస్సుల దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా ఉంటుంది. ఒకప్పుడు అది ఒక జమీను కుటుంబానికి వేసవి విడిది. సున్నపు గచ్చు మేడ, మెట్లబావి, రాతి కాలువలు, మల్లెతీగ కోసం నిలిపిన చెక్కుడు స్తంభాలు, ఒక పెద్ద నాగలింగం చెట్టు. మేడకు తూర్పున వరుసగా పదకొండు దానిమ్మలు. వారసులు దాన్ని ఒక ట్రస్టుకు అప్పగించారు. పాత తోటను కాపాడడానికి ఉచితంగా పనిచేసేవారు కావాలని ట్రస్టు కరపత్రం వేసినప్పుడు నేను మొదటి వారంలోనే పేరు ఇచ్చాను. మంగళవారం, శనివారం వెళ్ళేవాడిని. ఆకులు ఊడ్చాను, కాలువల్లో పూడిక తీశాను, చూడవచ్చిన బడిపిల్లలకు చెట్ల పేర్లు చెప్పాను. ప్రతి చెట్టుకూ ఒక అంకె ఇచ్చి, దాని చుట్టుకొలత, పూత కాలం, తెగులు, అన్నీ ఒక పుస్తకానికి ఎక్కించాను. జీవితంలో నేను అంత తృప్తిగా చేసిన పని మరొకటి లేదు. ఈ మాట ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

ఆ తోటలో జీతానికి ఉన్న మనిషి ఒక్కతే, తోటమాలి. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. ఆమె అత్త జమీను కాలంలో ఆ తోటలో నీళ్ళు కట్టేది. దానిమ్మలు నాటింది ఆ అత్తే. కోడలిగా వచ్చిన మర్నాడే ఈమె చేతికి బిందె ఇచ్చి ఆ వరుస చూపించిందట. మా ఇద్దరికీ ఇంటి భాష తెలుగే అని మొదటి రోజే తెలిసింది. నేను ఆమెను అక్కా అనేవాడిని. ఆమె నన్ను వాన సారు అనేది. ఆ పిలుపులో గౌరవం ఎంతో, ఎకసెక్కెం ఎంతో నేను ఎన్నడూ విడదీసి చూసుకోలేదు.

ఇక వదిలిపెట్టిన పద్దు.

మాసి నెల చివరి శనివారం పెళ్ళి ఫోటోలు తీయించుకోవడానికి ఒక జంట వచ్చింది. ట్రస్టు అలాంటివారిని అనుమతించేది. పెళ్ళికూతురు ఎత్తు మడమల చెప్పులు వేసుకొని దానిమ్మ వరుస పక్కన నడుస్తూ ఉండగా, ఒక మడమ నెర్రెలోకి దిగబడింది. పిల్ల పట్టుచీరతో సహా కూలబడింది. దెబ్బ తగలలేదు, తనే ముందు నవ్వింది. కాబోయే అత్తగారు మాత్రం, తాళి పడకముందే కోడలిని నేల మింగేలా ఉందని అరవంలో కేకలు వేసింది. తోటమాలి మోకాళ్ళ మీద కూర్చొని, చెయ్యి మోచేతి దాకా నెర్రెలో పెట్టి చెప్పు బయటికి లాగింది. దాన్ని ఒకసారి ఇటూ అటూ తిప్పి చూసి, నాకు మాత్రమే అర్థమయ్యేలా అంది:

“ఇది ఏసుకొని నేల మీద నడిసేదా వాన సారూ, నేలను పొడిసేదా?”

నేను నవ్వాను. నవ్వుతూనే జేబులోంచి పుస్తకం తీసి, ప్రమాదం జరిగిన వేళ రాసుకొన్నాను.

తరువాతి మంగళవారం, అంటే పంగుని మొదటి మంగళవారం, ఒక వెదురు కర్రకు గుర్తులు గీసుకొని వెళ్ళి నెర్రెల లోతు కొలవడం మొదలుపెట్టాను. ఆమె చీపురు ఆనించి నిలబడి చూసింది.

“ఏమి, నేల నోట్లో కట్టె పెట్టి సూస్తా ఉండారు? దానికి పల్లు నొస్తాదా?”

“లోతు కొలస్తా ఉండాను అక్కా. ఇది మూరకు పైనే పోతాది.”

“కొలిసి?”

“రాస్తాను.”

“రాసి?”

“ఆపీసుకి పంపుతాను.”

“నేల దప్పికయ్యి నోరు తెరిసి ఉండాదని ఆపీసుకి కాయితం కావాలా? ఒక వాన పడితే అదే మూసుకొనేస్తాది. మీది పుదూరు పక్కమే గదా. మీ నాయన ఎండకాలంలో సేని నోరు మూసినాడా?”

అది జవాబు చెప్పవలసిన ప్రశ్నగా కూడా తోచలేదు. సందర్శకుల భద్రత గురించి ఏదో అన్నాను. ఆమె “సరి, సరి” అని ఊడ్చుకొంటూ పోయింది.

నివేదిక నాలుగు పుటలు వచ్చింది. అరవంలో, గుండ్రని అక్షరాలతో రాశాను. తూర్పు భాగం పటం గీసి, ఒక్కో నెర్రె ఉన్న చోటు, పొడవు, లోతు పట్టికలో చూపించాను. చివర సిఫారసు: “సందర్శకుల రాక పెరిగేలోగా నెర్రెలన్నింటినీ తగిన గట్టి మట్టితో పూడ్చి, నేలను చదును చేయుట అవసరం.” కింద సంతకం. వాట్సాప్ గుంపులో దాని ఫోటో పెట్టగానే అందరూ చప్పట్ల బొమ్మలు పంపారు. ఆ రోజు దినచర్యలో ‘నివేదిక సమర్పించాను; ఆదరణ లభించింది’ అని ఉంది.

ఆ తరువాత జరిగినది పై జాబితాలో ఉంది. మొదటి పద్దులో ‘ఎవరికీ ముందుగా తెలియజేయలేదు’ అన్న మాట ఉన్నది కదా. తేదీ తెలియజేయలేదన్నది నిజం. పని ఎవరి సలహా మీద జరుగుతోందో మాత్రం ఆ పద్నాలుగు మందికీ తెలుసు.

ఆడి నెలలో మా వైపు గాలి ఎలా వీస్తుందో చూసినవారికే తెలుస్తుంది. ఆ గాలికి దానిమ్మ ఆకులు పచ్చగా ఉండగానే రాలాయి. ట్యాంకరు నీళ్ళు రావని తేలిపోయాక ఆమె బావిలోకి దిగడం మొదలుపెట్టింది. ముప్పైకి పైగా మెట్లు. పొద్దున్న ఊడ్పు పని, గడ్డికి నీళ్ళు పట్టే పని ఆమెకు కట్టబెట్టారు గనుక దానిమ్మలకు ఆమెకు దొరికే వేళ మధ్యాహ్నమే. గరుసు కింద గట్టిపడ్డ నేల ఆ బిందెడు నీటిని కూడా లోపలికి పోనివ్వలేదు. పోసిన నీరు పక్కకు పారి, ఎర్రటి మరకగా ఆరిపోయేది. ఆమె గడ్డపారతో పాదుల్లో కాస్త గరుసు తవ్వి, ఆ గుంటల్లో పోసేది. ఫోటోలో గడ్డపార కూడా పడింది.

నేను సాయం పట్టాను అని రాయాలని ఉంది. రెండు మంగళవారాలు మెట్ల పైన నిలబడి బిందె అందుకొన్నాను. ఫోటో వచ్చిన తర్వాత మానేశాను.

ఆవణిలో చెట్లు ఒక్కొక్కటిగా ఎండుతున్నప్పుడు నా పుస్తకంలో ఒక్కో అంకె పక్కన గుర్తు వేస్తూ వచ్చాను. వరుస చివర రెండు మాత్రం పచ్చగా నిలిచాయి. పదవదీ, పదకొండవదీ. కారణం రాయకుండా పద్దు ముగించడం నాకు చేతకాదు. ఒక శనివారం వెళ్ళి వాటి చుట్టూ పరిశీలించాను. ఆ రెండూ పాత స్నానపు గట్టు వెనక మూలలో ఉన్నాయి. అక్కడ రోలరు తిరగడానికి చోటు లేదు. ట్రాక్టరు గరుసును అంతవరకు తేలేదు. నెర్రెలు చిత్తిర వానకు సగం మూసుకొని, మళ్ళీ సన్నగా విచ్చుకొని ఉన్నాయి. నా వెదురు కర్రను ఒకదానిలోకి దించాను. మూరెడు దిగింది. బయటికి తీస్తే కొసన నల్లని తడి మట్టి అంటుకొని ఉంది. నాలుగు నెలల కిందటి వాన.

ఆ తడి మట్టిని వేళ్ళతో నలిపి చూసినప్పుడు మా నాయన గుర్తుకు వచ్చాడు. వేసవి వాన వెలిసిన మర్నాడు ఆయన ఇనుప కడ్డీ తీసుకొని చేనికి వెళ్ళేవాడు. నాలుగు చోట్ల గుచ్చి, కొసకు అంటిన తడి చూసి, “మూరెడు పదును దిగిండాది” అనో, “జానెడే” అనో చెప్పేవాడు. దాన్ని బట్టే దుక్కి, దాన్ని బట్టే పత్తి. ఆకాశం నుంచి ఎంత పడిందో ఆయన ఎన్నడూ అడగలేదు. పంగుని, చిత్తిర నెలల్లో మమ్మల్ని చేనికి అడ్డంగా నడవనిచ్చేవాడు కాదు. గట్టు మీదే నడవాలి. ఆటకు కూడా నెర్రెల్లో రాళ్ళు వేయకూడదు. ఒకసారి నేను ఒక నెర్రెను మట్టితో నింపి ఎడ్లబండి బాట చేసి ఆడుకొంటుంటే చెవి మెలిపెట్టి, “నేల నోట్లో మన్ను కొడతావంట్రా?” అన్నాడు. ఎవరు చెప్పారో, ఎప్పుడు మొదలైందో తెలియదు, మా పల్లెల్లో అందరూ పాటించే కట్టుబాటు అది. ముప్పై ఏళ్ళకు పైగా నేను పడిన వానను కొలిచాను. ఇంకిన వానను కొలిచేవాడి ఇంట పుట్టి, ఆ సంగతి మరిచి, కొలత కర్రనే తీసుకొని వెళ్ళి నేల నోరు మూయించాను.

ఈ సంగతి నాకు ఆవణిలోనే తెలుసు. సభ పురట్టాసిలో జరిగింది. మధ్యలో మూడు వారాల వ్యవధి ఉంది.

సభ విరుదునగర్‌లో, పప్పుల మండీ వీధిలో ట్రస్టు ఆఫీసున్న మేడ మీద జరిగింది. కింద మూటలు దించుతున్నారు. మిరప ఘాటు మెట్ల మీద దాకా వచ్చి అందరూ తుమ్ముతున్నారు. తీర్మానాలు చదివేముందు సేవకులకు సత్కారం పెట్టారు. ‘సందర్శకుల భద్రతకు శాస్త్రీయ నివేదిక’ ఇచ్చినందుకు నా భుజాల మీద ఎర్ర అంచు పొన్నాడ, సన్మానపు శాలువా, కప్పారు. చెయ్యి కలిపారు, ఫోటో తీశారు. నేను నా కుర్చీలోకి వచ్చి కూర్చొన్న తరువాత ఆరవ తీర్మానంగా దానిమ్మల విషయం చదివారు. తోటమాలి అజ్ఞానం. వేళకాని వేళ నీళ్ళు. పాదుల్లో గడ్డపార. ఎవరికైనా అభ్యంతరం ఉన్నదా అని అడిగారు.

పొన్నాడ జారిపోతుంటే సర్దుకొన్నాను. ఆ పని పూర్తయ్యేలోగా ఏడవ తీర్మానానికి వెళ్ళిపోయారు.

ఆమె ఆ సభలో లేదు. ఆమెను పిలవలేదు. ఐప్పసిలో గేటు దగ్గర కాపలావాడు ఆపినప్పుడే ఆమెకు తెలిసింది. ఆ రోజు మంగళవారం కాదు, శనివారం కాదు, నేను అక్కడ లేను. మర్నాడు వెళితే చీపురు గేటు పక్కన ఆనించి ఉంది.

కార్తికలో కోపంతో విరుదునగర్ వెళ్ళాను. ట్రస్టు మేనేజరు నలభై ఏళ్ళ మనిషి, మర్యాద తెలిసినది. నాకు కుర్చీ వేయించి, టీ తెప్పించి, నేను చెప్పినదంతా విని, బీరువాలోంచి ఫైలు తీసి నా ముందు తెరిచింది. ఆమె అరవంలో అన్న మాటలను తెలుగు చేసి రాస్తున్నాను.

“మొదటి కాగితం మీదే సార్. పంగుని నెలది. దీని ఆధారంగానే గరుసు వేయించాం. మీరు వ్యవసాయ క్షేత్రంలో పనిచేసినవారు, నేలను ఎరిగినవారు అనే నమ్మాం.”

“తోటమాలి తప్పు లేదు అంటున్నాను.”

“అయితే తప్పు దేనిదో రాసివ్వండి. నెర్రెలు పూడ్చినందువల్ల చెట్లు పోయాయి, పూడ్చమన్న నా నివేదిక పొరపాటు అని ఒక్క వాక్యం. అది ఉంటే సభ ముందు పెట్టి ఆ తీర్మానం మార్పిస్తాను. కారణం లేకుండా తీర్మానం ఎలా కొట్టేయను?”

టీ తాగాను. ఆలోచించి రాస్తానన్నాను. ఇంటికి వచ్చి మొదటి ఉత్తరం రాశాను. అందులో ఎనిమిది పద్దులు లేవు, అప్పటికి ఏడే. గరుసు గురించి రాశాను, గడ్డి గురించి రాశాను, ఫోటో గురించి రాశాను. మేనేజరు అడిగిన వాక్యం మాత్రం రాయలేదు. రెండవ ఉత్తరంలో మొదటి ఉత్తరానికి జవాబు రాలేదని ఎనిమిదవ పద్దు చేర్చాను. ఆ విధంగా ఆరు. జవాబు ఎందుకు రాలేదో నాకు తెలుసు. అడిగినది ఇవ్వకుండా నేను అడుగుతూ పోయాను.

ఈ మాసిలో నా పాత పుస్తకాలు తిరగవేస్తుంటే పెళ్ళికూతురి మడమ విషయం ఎదురైంది. ఏడాది అయింది. మర్నాడు విళాత్తికుళం బస్సు ఎక్కి, నాగలాపురం దగ్గర దిగాను. తోటమాలి ఇప్పుడు తమ్ముడి ఇంట్లో ఉంటుంది. మిరప కోత కాలం. ఊరి బయట కళ్ళంలో ఎండబోసిన కాయల మధ్య, తలమీద కొంగు వేసుకొని, కాలితో కాయలను తిరగదోస్తూ నడుస్తోంది. కుడికాలు కాస్త ఈడుస్తోంది. బావి మెట్ల మీద మడత పడిన కాలు.

“రండి వాన సారూ. బస్సులో ఒచ్చినారా? తుమ్మేదయితే ఆ పక్కం తిరిగి తుమ్మండి. తూకం తగ్గిపోతాది.”

నేను గట్టు మీద కూర్చొన్నాను.

“అక్కా, గరుసు ఏయమని మొదట రాసింది నేనే.”

“తెలుసు.”

“ఎట్ల తెలుసు?”

“కట్టె పెట్టి కొలిసింది మీరు గదా. గరుసు ఏసుకొని ఒచ్చిన ట్రాక్టరోడే సెప్పినాడు, వాన సారు కాయితం ఇచ్చిండారని.”

“అబ్బుడే నన్ను ఎందుకు అడగలేదు?”

“అడిగితే? ఇంకొక కాయితం రాసుంటారు.”

కళ్ళంలో పనిచేస్తున్న ఆమె మరదలు పక్కున నవ్వి, తుమ్మి, మళ్ళీ నవ్వింది. తోటమాలి నవ్వలేదు. కొంతసేపు కాయలు తిరగదోసి, నా ముందుకు వచ్చి నిలబడింది.

“మీకు పొన్నాడ ఏసినారంట గదా. అది ఏం సేసినారు?”

“పెట్టెలో ఉండాది.”

“మూల సెట్లు రెండూ ఉండాయా?”

“ఉండాయి. పూత పట్టింది.”

“ఆ నెర్రెలు?”

అక్కడే నా దగ్గర చెప్పవలసిన అసలు విషయం ఉంది. చిత్తిరకు ముందు ఆ మూల కూడా గరుసు వేసి, స్నానపు గట్టు దాకా నడకదారి చేస్తారని గుంపులో వచ్చింది. చెప్పాను. ఆమె కూర్చొని, కాలు చాపుకొని, మోకాలు నిమురుకొంది.

“నాకు పని ఒద్దు సారూ. ఈ కాలుతో ఇంక బావి దిగలేను. ఆడ పుస్తకంలో నా పేరు ఉండాది గదా, సెట్లను సంపినదని. అది తియ్యాల. మా అత్త నట్టిన సెట్లు అవి. మగపిల్లోడి మాదిరి సూసింది. నేను సంపినానని రాసి పెట్టుకొంటే, రేపు దాన్ని ఎవురన్నా సదువుతారు గదా.”

“అది అరవంలో ఉండాది. ఆఫీసు బీరువాలో ఉండాది. ఎవురూ సదవరు అక్కా.”

“మీరు సెప్తారా ఆ మాట? రాసినది ఎవురూ సదవరని?”

నేను ఇంటికి వచ్చి దినచర్య రాయలేదు. ఆ రోజు పుట ఖాళీగా ఉంది. మర్నాడు ఉదయం ఎనిమిదిన్నరకు వర్షమాపకం చూశాను. సున్న వేసి, సంతకం చేసి, కూర్చొని ఏడవ ఉత్తరం రాశాను. దీన్నీ అరవంలోనే రాశాను. దాని తెలుగు ఇది.

ట్రస్టు వారికి. ఇంతకుముందు పంపిన ఆరు ఉత్తరాలు అసంపూర్ణములు. వాటిలోని పద్దులకు ముందు ఈ క్రింది పద్దును చేర్చి చదువగోరుతున్నాను. పంగుని నెల, రెండవ శనివారం: తూర్పు భాగంలోని నెర్రెలను పూడ్చవలసిందిగా నివేదిక ఇచ్చినది నేను. ఆ సలహా తప్పు. నెర్రెలు పూడ్చినందువల్లనే వేసవి వాన నేలలో ఇంకలేదు. అందువల్లనే తొమ్మిది దానిమ్మలు ఎండిపోయాయి. పూడ్చని మూలలో రెండు చెట్లు బ్రతికి ఉండడమే ఇందుకు సాక్ష్యం. తోటమాలి ఈ సంగతి నాకు ముందే చెప్పినది, నేను వినలేదు. ఆమె పోసిన నీరు ఆ చెట్లను చంపలేదు. పురట్టాసి సభలో ఈ విషయం తెలిసియుండీ నేను మౌనంగా ఉన్నాను. అదే సభలో నాకు కప్పిన పొన్నాడను ఈ ఉత్తరంతో జతచేసి తిప్పి పంపుతున్నాను.

కావున ఆరవ తీర్మానాన్ని రద్దు చేసి, దాని స్థానంలో నా పేరుతో పై కారణాన్ని నమోదు చేయవలెననీ, తోటమాలి ఎప్పుడు కోరితే అప్పుడు ఆమెను తోటలోనికి అనుమతించవలెననీ, మూలనున్న రెండు చెట్ల చుట్టూ గరుసు వేయరాదనీ కోరుతున్నాను. ఈ మూడు విషయాలకూ విడివిడిగా, కారణములతో, బాధ్యులైనవారి సంతకంతో, పంగుని నెల ముగియకముందే వ్రాతపూర్వకంగా జవాబు ఇవ్వవలెను. నోటిమాటగా ఇచ్చే జవాబును స్వీకరించను. నా చూపు మందగించినందున జవాబు పెద్ద అక్షరములలో ఉండవలెను. దానిని నాగలాపురం తీసుకొనిపోయి, ఆమెకు మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించవలసినవాడిని నేను.